కలెక్టరు సొమ్ము, పిడికెడు బియ్యం
(పల్నాటి సంఘాల కథ – ఆరో భాగం)

గురజాలలో తొలి లూథరన్ మిషన్ బంగళాకు డబ్బిచ్చింది ఒక కలెక్టరు. పేరు హెన్రీ స్టోక్స్. ఈస్టిండియా కంపెనీ కొలువులో గుంటూరు జిల్లాను చూస్తున్నవాడు. 1849లో ఆ ఊరికి మకాం మార్చిన మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. ఆయన 1842 జూలై 31న గుంటూరు చేరిన తీరు గత భాగాల్లో చూశాం. మధ్యలో అమెరికా వెళ్ళి, యాభై దాటాక బాల్టిమోరులో వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకుని మళ్ళీ వచ్చాడు. గురజాల చేరేనాటికి యాభై ఆరేళ్ళు. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు సముద్రానికి అవతల. నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిచిన ఊళ్ళో, నాపరాళ్ళ నేలలో, జ్వరాల కాలంలో ఒంటరి మనిషి బడి పెట్టాడు, మందులిచ్చాడు, మాలపల్లెల్లో కూర్చుని వాక్యం చెప్పాడు.

ఆ బంగళా దగ్గరే ఈ భాగం మొదలుపెట్టడానికి కారణం ఉంది. పల్నాటి సంఘాల్లో నలుగురు పెద్దలు ఎక్కడ కూర్చున్నా ఇవాళ్టికీ తెగని మాట ఒకటుంది. క్రైస్తవుడు కలిగినవాడు కావచ్చా? వాక్యం చెప్పే మనిషికి ఆస్తిపాస్తులు ఉండొచ్చా? ఒకరు ఒంటె, సూదిబెజ్జం అంటారు. ఇంకొకరు అబ్రాహాము మందల్ని, యోబుకు రెండింతలుగా తిరిగొచ్చిన ఆస్తిని చూపిస్తారు. వాక్యానికి వాక్యం అడ్డుపెడుతూ పోతే తెల్లవారుతుంది గానీ మాట తేలదు. నేను చరిత్ర చదివి తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. పల్నాట సంఘం నిలబడినప్పుడూ చెదిరినప్పుడూ అసలు సంగతి డబ్బు ఎంత అన్నది కాదు. ఎవరి చేతి నుంచి వచ్చింది, ఎవరి చేతిలో ఉంది, ఎవరికి లెక్క చెప్పారు అన్నవే అసలు సంగతులు.

స్టోక్స్ సొమ్మునే తీసుకుందాం. కలెక్టరు జీతం కంపెనీది. కంపెనీ ఖజానా శిస్తుది. శిస్తు రైతుది. రైతు పొలంలో వంగి పనిచేసింది మాలమాదిగ పాలేర్లు. 1832–33లో గుంటూరు సీమను డొక్కల కరువు ఊడ్చిపెట్టింది. ఐదు లక్షల జనంలో రెండు లక్షల దాకా పోయారని లెక్క. హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టేసరికి ఆ కరువుకు పదేళ్ళు కూడా నిండలేదు. ఊళ్ళకు ఊళ్ళు పాడుపడి ఉన్నాయి. అలాంటి నేల మీద వసూలైన శిస్తులోంచి జీతంగా వచ్చిన రూపాయి, ఒక భక్తిపరుడైన కలెక్టరు చేతి మీదుగా, మళ్ళీ గురజాల పిల్లల బడికి చేరింది. స్టోక్స్ మనసు మంచిది, అందులో నాకు అనుమానం లేదు. ఆయన ఇవ్వకపోయినా అడిగేవాళ్ళు లేరు. అయినా ఆ రూపాయి నడిచివచ్చిన దారిని మనం మరిచిపోకూడదు. కూలివాడి చెమట కలెక్టరు దానమై తిరిగొచ్చినప్పుడు, దణ్ణం అందుకునేది కలెక్టరే.

విశేషం ఏమిటంటే, ఎవరి డబ్బు అనే ప్రశ్న హయ్యర్‌కు కొత్త కాదు. 1841లో ఆయన్ని ఇండియా పంపాలని అమెరికా లూథరన్లు అనుకున్నప్పుడు, ఖర్చూ అజమాయిషీ బోస్టన్‌లోని అమెరికన్ బోర్డు ద్వారా జరగాలన్నారు. ఆ బోర్డు లూథరన్లది కాదు, అనేక శాఖలవాళ్ళు కలిసి నడిపేది, పెద్ద సంస్థ, నిధులకు లోటు లేదు. హయ్యర్ ఒప్పుకోలేదు. ఒప్పుకున్న పనికే రాజీనామా ఇచ్చేశాడు. తన సొంత పెన్సిల్వేనియా సంఘాలవాళ్ళు, అంటే జర్మన్ మాట్లాడే రైతులూ చేతిపనివాళ్ళూ, పోగుచేసిన చిన్న చందాల మీద బయల్దేరాడు. ఇచ్చేవాడే ఏలేవాడవుతాడని తెలిసిన మనిషి ఆయన. అంత పట్టింపు ఉన్నవాడు కలెక్టరు డబ్బు ఎందుకు తీసుకున్నాడు? పెన్సిల్వేనియా చందాలు గుంటూరుకే బొటాబొటి. పల్నాడు దాకా వెళ్ళాలంటే ఇంకో చెయ్యి కావాలి. ఆ చెయ్యి స్టోక్స్‌ది అయింది. అవసరం ముందు పట్టింపు ఒక మెట్టు దిగింది. దీన్ని తప్పు అని కొట్టిపారేయలేను. ఆ డబ్బు లేకపోతే గురజాలలో బడి ఇంకెప్పటికి వచ్చేదో.

దాని ఫలితం మాత్రం చాలాకాలం వెంటాడింది. పల్లెవాడి కళ్ళకు కలెక్టరు దొరా మిషనరీ దొరా ఒకే రంగు, ఒకే భాష, ఒకే పల్లకీ. సంఘంలో చేరితే కచేరీలో మన మాట చెల్లుతుందని కొందరు ఆశపడ్డారు. ఊరి పెత్తందార్లకు అదే భయమైంది. ఆశపడ్డవాళ్ళను తప్పు పట్టే హక్కు మనకెవరికీ లేదు. వెట్టి చేసి, ఊరి బావికి దూరంగా బతికి, చచ్చిన గొడ్డును మోసే మనిషికి ఆత్మ వేరు, ఆకలి వేరు అని విడదీసి చెప్పడానికి నోరెలా వస్తుంది? బ్రహ్మనాయుడు అన్ని కులాలకూ కలిపి చాపకూడు పెట్టిన సీమ ఇది. ఒకే చాప మీద కూర్చోబెట్టడం ఎంత పెద్ద మాటో పల్నాటి మాలలకు ఏ మిషనరీ చెప్పక్కర్లేదు, మాల కన్నమదాసు కథ వింటూ పెరిగినవాళ్ళు. ప్రభువు బల్ల దగ్గర అందరికీ ఒకే గిన్నె అనే సంగతి వాళ్ళ చెవికి అందుకే అంత తొందరగా ఎక్కింది.

కొన్నేళ్ళకు హయ్యర్ గురజాల నుంచి కదిలాడు. 1857లో దేశం విడిచాడు. డెబ్భై ఆరేళ్ళ వయసులో రాజమండ్రి మిషన్ చేజారిపోతుందని తెలిసి మళ్ళీ ఓడెక్కి వచ్చాడు, అది వేరే కథ. పల్నాటికి అసలు పరీక్ష ఆయన వెళ్ళాక వచ్చింది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. లూథరన్లు కూడా ఉత్తరం, దక్షిణం అని చీలారు. డాలరు విలువ బంగారంతో పోలిస్తే పడిపోయింది. గుంటూరుకు రావాల్సిన సొమ్ము సన్నగిల్లింది. ఎరియాస్ ఉనాంగ్స్ట్ గుంటూరు మిషన్‌ను దాదాపు ఒంటిచేత్తో నెట్టుకొచ్చాడు. రాజమండ్రి వైపు ఉన్న ఆడమ్ లాంగ్ 1866లో సామర్లకోటలో మశూచితో చనిపోయాడు. గురజాల బంగళాలో ఉండడానికి మిషనరీ లేకపోయాడు.

అదే యుద్ధం మన నల్లరేగడి నేలల్లో ఇంకో పని చేసింది. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లంకషైరు మిల్లులు ఇండియా వైపు చూశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో పత్తి ధర ఎగబాకింది. భూమి ఉన్న రైతు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు. ఒకే యుద్ధం, ఒకవైపు సంఘానికి డాలరును ఆపింది, ఇంకోవైపు మోతుబరి ఇంటికి రూపాయిని తెచ్చింది. సంఘంలో ఉన్నవాళ్ళకు భూమి లేదు కాబట్టి ఆ రూపాయి మాలపల్లె దాకా రాలేదు. అమెరికాలో డబ్బు తగ్గితే ఇక్కడి ఉపదేశి జీతం ఆగుతుంది, ఇక్కడ పంట బాగా పండినా ఉపదేశికి ఒరిగేది లేదు. పరాయి కలిమి మీద నిలబడ్డ పరిచర్యకు ఉండే బలహీనత ఇంతకంటే స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు. అయినా పల్నాడు సంఘాలు చావలేదు. దొరల్లేని కాలంలో వాటిని పట్టి ఉంచింది పేరు కూడా చరిత్రకెక్కని తెలుగు ఉపదేశులు. నా దృష్టిలో ఈ మొత్తం కథకు నాయకులు వాళ్ళే.

ఇక్కడ కాసేపు పల్నాడు వదిలి మూలగ్రంథం దగ్గరికి వెళదాం. యేసు వెంట నడిచిన బృందానికి ఒక డబ్బుసంచి ఉండేది. కలిగిన స్త్రీలు కొందరు తమ ఆస్తిలోంచి ఆ బృందానికి ఖర్చు పెట్టేవాళ్ళని లూకా రాశాడు. కాబట్టి డబ్బును తాకనే కూడదన్న మాట సువార్తల్లో లేదు. ఆ సంచి ఎవరి దగ్గర ఉండేదో యోహాను చెప్పాడు, యూదా దగ్గర. అందులోంచి అతను తీసుకునేవాడనీ చెప్పాడు. ఇక పౌలు సంగతి. డేరాలు కుట్టి బతికాడు. కొరింథువాళ్ళ దగ్గర పోషణ పుచ్చుకోలేదు, ఫిలిప్పీవాళ్ళు పంపితే పుచ్చుకున్నాడు. యెరూషలేము బీదలకోసం ఊరూరా చందా పోగుచేసినప్పుడు ఆ సొమ్ము ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని. బీదరికం మీద జరిగే ప్రసంగాల్లో ఈ సంగతి చెప్పే భాగం ఎందుకో చదవరు. చదవాలి.

తర్వాతి కాలంలో ఈ తగువు సిద్ధాంతంగా కూడా ముదిరింది. ఫ్రాన్సిస్ అస్సీసీ శిష్యుల్లో ఒక వర్గం క్రీస్తుకూ అపొస్తలులకూ సొంతమనేది ఏదీ లేదని గట్టిగా పట్టుబట్టింది. 1323లో పోపు 22వ యోహాను ఆ మాటను మతవిరుద్ధమని ప్రకటించాడు. బీదరికాన్ని పొగడటం వేరు, బీదరికం మా ఆస్తులకు ఎసరు పెట్టడం వేరు అని అప్పటి అధికారం భావించింది. ఐదువందల యాభై ఏళ్ళ తర్వాత మన కోస్తాలో ఇదే ప్రశ్న పొట్ట చేతబట్టుకుని వచ్చింది, కరువు రూపంలో.

అందుకు పల్నాటికి దక్షిణం వైపు, ఒంగోలుకు వెళ్ళాలి. నరసరావుపేట, వినుకొండ బాప్టిస్టు సంఘాల మూలాలు అక్కడున్నాయి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకుముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు, లెక్కా కొలతా తెలిసినవాడు. ఆయన చేతుల మీదుగా బాప్తిస్మం పొందిన తొలివారిలో యర్రగుంట్ల పేరయ్య ఒకడు. మాదిగ, తోళ్ళ వ్యాపారంలో తిరిగినవాడు, యోగమార్గం పట్టి గురువుగా పేరు తెచ్చుకున్నవాడు. ఒట్టి నిరుపేద కాడు. ఆ పేరయ్యే ఊరూరా తిరిగి తన బంధువర్గాన్ని సంఘంలోకి నడిపించాడు.

ఒంగోలుకు వచ్చిన కొత్తల్లోనే క్లౌకు ఒక పరీక్ష ఎదురైంది. పైకులాల పిల్లలు మిషన్ బడికి వస్తున్నారు. వాళ్ళ తల్లిదండ్రుల్లో భూములున్నవాళ్ళు, పలుకుబడి ఉన్నవాళ్ళు ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. కలిగినవాళ్ళు ముందు వస్తే బీదలు వాళ్ళ వెనకే వస్తారన్న ఆలోచన ఆ రోజుల్లో చాలామంది మిషనరీలకు ఉండేది. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ప్రార్థనకు కూర్చున్నారు. ఇద్దరూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం కళ్ళబడిందని ఆయన చెప్పుకున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, పిలుపు అందుకున్నవాళ్ళలో ఘనులు ఎందరో లేరని పౌలు గుర్తుచేసే చోటు. మాదిగలను చేర్చుకున్నారు. పైకులాలవాళ్ళు పిల్లల్ని బడి మాన్పించారు. గుంటూరు, ఒంగోలు సీమల క్రైస్తవం ఇవాళ ఎవరిదో ఆ రోజే చాలావరకు తేలిపోయింది.

పదేళ్ళకు 1876–78 కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పనుల్లో ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలిని కోసి, రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. ఆ గింజలతో పనిచేసే మనిషి బతకడని వైద్యాధికారి కార్నిష్ పోరాడాడు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. వాక్యం చెప్పే మనిషి కాంట్రాక్టరు అయ్యాడు! సర్వే తెలుసు, మట్టి లెక్క తెలుసు. తాటాకు పాకలు వేయించాడు. తన ఉపదేశుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చారు. పొద్దంతా తట్టా పారా, పొద్దుగూకాక పాక ముందు మాటలు. ఊరూ వాడా విడిచి వచ్చిన ఎముకల గూళ్ళు గంజి తాగి మళ్ళీ మనుషులయ్యాయి. లండన్‌లో పోగైన మాన్షన్ హౌస్ సహాయనిధి సొమ్ము పంపకంలోనూ ఆయనకు చెయ్యి ఉంది.

ఈ మొత్తం కాలంలో, పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇవ్వనన్నాడు. చేతిలో గింజలున్న మనిషి బాప్తిస్మం ఇస్తే ఆ బాప్తిస్మం గింజలకోసమా దేవుడికోసమా అన్నది ఎవరికీ తెలియదు, అడిగినవాడికి కూడా తెలియదు. పరిచర్య చేసేవాడి చేతిలో కలిమి ఉన్నప్పుడు ఏం చేయాలో దీనికంటే నిజాయితీగా చేసి చూపించినవాళ్ళు మన చరిత్రలో అరుదు. డబ్బు వద్దనలేదు. కాంట్రాక్టు పట్టాడు, నిధులు పంచాడు. డబ్బు చేతిలో ఉన్నంతసేపూ రెండో చేతిని కట్టేసుకున్నాడు.

1878 జూన్‌లో సహాయం ఆగింది. ఒంగోలులో మశూచి ఉండటంతో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఉపదేశుల్ని కలుసుకుందామనుకున్నాడు. పాత విశ్వాసులను మాత్రమే తీసుకురమ్మన్నాడు. జనం ఆగలేదు. కట్టలు తెంచుకుని వచ్చారు. ఆయన వాళ్ళకు ఉన్న సంగతి చెప్పాడు. నా దగ్గర ఇక డబ్బు లేదు, గింజ లేదు, ఉన్నదంతా అయిపోయింది అన్నాడు. మేం అడిగేది డబ్బు కాదు, మా రెక్కల కష్టం మీద బతుకుతాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నది వాళ్ళ జవాబు. జూలై 3న ఆ నదిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్ళలో నిలబడ్డారు. దాదాపు తొమ్మిది గంటలు పట్టింది. క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఆ సంవత్సరం ముగిసేలోగా సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

సంఖ్యల్ని చూసి పొంగిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఆ సంఖ్యకంటే ముందరి పదిహేను నెలల సున్నా గొప్పగా కనపడుతుంది.

ఇంత పెద్ద సంఘాన్ని ఒంగోలు ఒక్కటే మోయలేక ప్రాంతాన్ని విడగొట్టారు. 1883 నాటికి వినుకొండ, నరసరావుపేట, కంభం వేర్వేరు స్టేషన్లయ్యాయి. మల్రాజు వారి కోట నీడలో పెరిగిన నరసరావుపేటలో బాప్టిస్టు మిషన్ కాంపౌండు వెలిసింది. జనం లెక్క స్థూలంగా ఇలా తయారైంది: గురజాల, మాచర్ల వైపు లూథరన్లు, ఎక్కువగా మాలలు. నరసరావుపేట, వినుకొండ వైపు బాప్టిస్టులు, ఎక్కువగా మాదిగలు. రెంటచింతలలో మాత్రం తరతరాల క్యాథలిక్కులైన రెడ్లు, భూమి ఉన్నవాళ్ళు. కలిమికీ విశ్వాసానికీ పొత్తు గురించి వాళ్ళ అనుభవం పూర్తిగా వేరు. ఆ ముచ్చట వచ్చే భాగానికి ఉంచుతున్నాను, ఇక్కడ కుక్కితే అన్యాయమవుతుంది.

కొత్త స్టేషన్లు వచ్చాక ప్రశ్న ఇంకోలా తిరిగింది. పాస్టరుకు ఎవరు పెట్టాలి? క్లౌ మొదటినుంచీ పేరయ్య పద్ధతిని మెచ్చుకున్నాడు. మాదిగపల్లెలో గురువు వస్తే శిష్యులు అన్నం పెడతారు, అది ఈ నేల ఆచారం. అందుకే ఉపదేశికి కొంత మిషన్ నుంచి, మిగతాది పల్లె పెట్టే గింజల మీద అన్నాడు. అయితే గింజలు పెట్టేవాడు ఎవరు? సంవత్సరానికి జీతం కుదుర్చుకుని ఆసామి దగ్గర పనిచేసే పాలేరు. వాడికి చేతికి రొక్కం రాదు, జొన్నలో సజ్జలో కొలిచి పోస్తారు. మిషనరీ ఉండేది బంగళాలో, పాస్టరు పెంకుటింట్లో, విశ్వాసి బోద పాకలో. అమెరికా లెక్కలో ఆ మిషనరీ బీదవాడే. మన పల్లె లెక్కలో రాజు. స్వయంపోషణ గురించి బంగళాలో కూర్చుని తీర్మానాలు రాసినప్పుడు పాకలో ఉన్నవాడికి అది ఎలా వినపడిందో ఆ తీర్మానాలు రాసినవాళ్ళు పూర్తిగా ఊహించలేదనే నా అభిప్రాయం.

అయినా పాక జవాబు చెప్పింది. ఆ జవాబు పిడికెడు బియ్యం. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేస్తుంది. పూటపూటకీ అంతే. ఆదివారం ఆ కుండ గుడికి వెళుతుంది. గుడి దగ్గర గోనెలో పోస్తారు, సంఘ పెద్ద కొలుస్తాడు, ఎవరింటి నుంచి ఎంత వచ్చిందో అందరి కళ్ళకూ కనపడుతుంది. ఆ బియ్యం పాస్టరు అయ్యగారి ఇంటికి పోతుంది, లేదా అమ్మి గుడి ఖర్చుకు వాడతారు. ఇందులో నాకు నచ్చేది మొత్తం కాదు, పద్ధతి. ఇచ్చేది ఆడమనిషి, అది కూడా భర్తను అడగకుండా. పూట గడవని రోజు కూడా కుండలో వేస్తుంది, కాకపోతే పిడికిలి కాస్త చిన్నదవుతుంది. అయ్యగారు తినే ప్రతి ముద్దా ఏ ఇంటిదో అయ్యగారికి తెలుసు. ఆ ఇంట్లో జబ్బు పడితే వెళ్ళకుండా ఉండలేడు.

కోతల పండుగనాడు ఇంకో తీరు చూడాలి. బలిపీఠం ముందు గుమ్మడికాయలు, మిరపకాయల బుట్టలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఒక మేకపిల్ల. ఆరాధన అయ్యాక వేలంపాట. బజారులో కొనుక్కుంటే ఎంతో అందరికీ తెలిసిన సొరకాయ ఇక్కడ నాలుగింతలు పలుకుతుంది. పాడుకున్నవాడు దాన్ని తిరిగి గుడికే ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట మొదలవుతుంది. పట్నంలో ఉద్యోగం వచ్చిన కుర్రాడు పెద్ద పాట పాడితే ముసలమ్మలు కళ్ళొత్తుకుంటారు. కలిమి సంఘంలోకి ఇలా వచ్చినప్పుడు ఎవరికీ అభ్యంతరం ఉండదు. అందరి ఎదుటా వస్తుంది, అందరికీ తెలిసిన పనికి పోతుంది.

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. మెల్లమెల్లగా పెత్తనం తెలుగువారి చేతికి వచ్చింది. బళ్ళు, ఆస్పత్రులు, స్థలాలు కూడా వచ్చాయి. దొరలు వెళ్ళిపోయాక మిగిలిన ఆ స్థలాలే పెద్ద చిక్కయ్యాయి. ఊరి చివర ముళ్ళకంప మధ్య కట్టిన కాంపౌండు ఇవాళ బస్టాండు పక్క స్థలం. ఎన్నికలు, అజమాయిషీ, ఆస్తులు కోర్టులకెక్కాయి. లూథరన్లలోనే కాదు, బాప్టిస్టు సంఘాల్లోనూ ఇదే. ఈ గొడవల్లో ఎవరిది న్యాయమో తీర్పు చెప్పడం నా పని కాదు. ఒకటి మాత్రం బాధతో రాస్తున్నాను. నాకు తెలిసి పిడికెడు బియ్యం కుండ మీద ఏ సంఘంలోనూ కోర్టు కేసు పడలేదు. ఎవరి కష్టమూ కలవని ఆస్తి మీదే పడ్డాయి.

ఈ మిషన్ సొమ్ము పద్ధతితో విసిగి బయటికి నడిచినవాళ్ళు కూడా తెలుగునేల మీద ఉన్నారు. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషన్ మొదలుపెట్టారు, విదేశీ సొమ్ము అండ లేకుండా. గుంటూరు పక్కన కాకాని ఆ ఉద్యమానికి కేంద్రమైంది. పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్ హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా నడిపిన సహవాసాల్లో సేవకుడికి జీతం లేదు, డబ్బు కావాలని అడగడమూ లేదు. గుంటూరు, పల్నాడు పల్లెల్లో ఈ రెండు బాటలూ వేళ్ళు తన్నాయి. ఇచ్చేవాడే ఏలేవాడవుతాడని 1841లో హయ్యర్ భయపడిన సంగతికి మనవాళ్ళు తొంభై, నూరేళ్ళ తర్వాత సొంతంగా వెతుక్కున్న దారులివి.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళొచ్చాయి. మాచర్ల, గురజాల, నరసరావుపేట మీదుగా ఆ నీళ్ళు పారాక జొన్న పండే చేలలో వరి వచ్చింది, మిరప వచ్చింది, పత్తి పెరిగింది. డెల్టా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ళున్నారు. సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపుబట్టీలు వచ్చాయి. పల్నాట డబ్బు కదిలింది. మిషన్ బడిలో చదివిన కూలి పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, బ్యాంకు ఉద్యోగులయ్యారు, కొందరు అమెరికా కూడా చేరారు. తొలిసారిగా సంఘంలో కలిగినవాళ్ళు కనపడ్డారు. ఇది పండగ చేసుకోవాల్సిన సంగతి. కూలివాడి మనవడు కారు కొనుక్కుంటే, వాడి విశ్వాసం చల్లబడిందని వేదిక మీంచి నిందించే బోధకుల్ని చూస్తే నాకు కోపం వస్తుంది. నాలుగు తరాలు ఆకలితో ఉన్న ఇంటికి అన్నం రావడం పాపమెలా అవుతుంది?

అంతకంటే ఎక్కువ కోపం ఇంకో రకం బోధ మీద. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ లాంటివాళ్ళు ప్రచారం చేసిన బోధ అది. దేవుడి పనికి డబ్బును విత్తనంగా వేయి, వందరెట్లు కోస్తావు అంటుంది. టీవీల దారిన తెలుగుకు వచ్చి, సభల ఫ్లెక్సీల మీదకెక్కింది. విత్తనం అనే మాటతో పల్నాటి కౌలురైతును మోసగించడం ఎంత కఠినమో ఆలోచించండి. నకిలీ పత్తి విత్తనాలు కొని, మొలక రాక, అప్పు తీర్చలేక పురుగుమందు తాగిన ఇళ్ళున్న సీమ ఇది. షాపువాడి దగ్గర కనీసం బిల్లు ఉంటుంది. వేదిక మీద వేసిన విత్తనం మొలవకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. కరువులో గింజలు చేతిలో పెట్టుకుని బాప్తిస్మం ఇవ్వనన్న మనిషి నడిచిన సీమ ఇది. ఆశను చేతిలో పెట్టుకుని డబ్బు పుచ్చుకునేవాళ్ళు ఇక్కడ ఎలా నిలబడగలుగుతున్నారో నాకు అర్థం కాదు.

బయటి డబ్బు సంగతి కూడా ఈమధ్య మారింది. విదేశీ విరాళాల చట్టాన్ని 2020లో సవరించారు. బయటినుంచి వచ్చే ప్రతి రూపాయీ ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు శాఖలో పడాలి. అందుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు పంచకూడదు. పెద్ద సంస్థ నుంచి చిన్న పల్లె పరిచర్యకు వచ్చే నెల జీతం ఆ దారిన ఆగిపోయింది. 1860ల నాటి ఎద్దడి మళ్ళీ వచ్చినట్టే. ఈసారి సంఘంలో టీచర్లు, నర్సులు, బట్టీ యజమానులు ఉన్నారు. పిడికెడు బియ్యానికి బదులు దశమభాగం కవరు వస్తోంది, ఫోన్‌పే కూడా వస్తోంది. కవరులో ఎంత ఉందో కుండలోలాగా అందరికీ కనపడదు. అందుకని కొన్ని సంఘాల్లో కార్యదర్శి ఆరాధన అయ్యాక గత వారం వచ్చినదీ పోయినదీ లేచి చదువుతాడు, కరెంటు బిల్లు ఇంత, అయ్యగారికి ఇంత, ఆస్పత్రిలో ఉన్న ఫలానా ఇంటికి ఇంత అని. కొన్ని సంఘాల్లో చదవరు. ఏ సంఘంలో చదువుతారో, ఎక్కడ చదవరో మీ ఊళ్ళో మీకే తెలుసు.

(వచ్చే భాగం: రెంటచింతల రెడ్డి క్యాథలిక్కులు)